ఎలీషా కాల్చిన కాడి

పాఠము: 1 రాజులు 19:19–21, అపొ. కార్యములు 13:1–3



ఎలీషాకు పిలుపు వచ్చినప్పుడు అతడు దేవాలయములో లేడు, దుక్కిలో నుండెను. పండ్రెండు అరకలు పొలములో తిరుగుచుండగా కడపటి మడక అతని చేతనే యున్నది. రెండు కాండ్ల యెడ్లున్నవానినే మనము పెద్దరైతు అందుము; ఇక ఆ యింటి కలిమి ఎంతటిదో మీరే యూహించుకొనుడి. ఏలీయా తన దుప్పటి అతనిమీద వేసి సాగిపోవుచుండగా ఎలీషా వెంట పరుగెత్తి, తలిదండ్రులను ముద్దుపెట్టుకొని వచ్చుటకు సెలవడిగెను. ఆ మీదట ఒక కాడి యెడ్లను వధించి, వాటి కాడిమ్రానునే వంటచెరకుగా చేసి, జనులకు భోజనము పెట్టెను.

ఈ విందును మనము త్వరగా చదివి దాటిపోవుదుము. ఎలీషా చెప్పకుండ రాత్రివేళ పోలేదు. ఊరివారి యెదుట, వారికి అన్నము పెట్టి మరీ పోయెను. తిరిగి వచ్చి మడక పట్టుదునను తలంపునకు చోటు లేకుండ కాడిని కాల్చివేసెను.

మా సంఘములో ఒక యబ్బాయి యీ యేడు డిగ్రీ ముగించెను. కువైటునకు పోయి అక్కడి మన తెలుగువారి మధ్య ప్రభువు పని చేయవలెనని అతని ఆశ. రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి ఎందరో ఆ దేశములో డ్రైవర్లుగాను, వంటవారుగాను, ఇండ్లలో పనివారుగాను ఉన్నారు గదా. "నాయనా, మంచి కోరికయే. మీ అమ్మతో చెప్పితివా?" అని యడిగితిని. తల వంచుకొనెను. "పోయినంక ఫోనులో చెప్తాను అయ్యగారూ" అనెను.

నేనతనికి జాన్ రంగయ్యగారి సంగతి చెప్పితిని. 1860 మొదలుకొని తెలుగువారును తమిళులును ఐదేండ్ల కూలి ఒడంబడికమీద దక్షిణ ఆఫ్రికాలోని నాటాలునకు ఓడలెక్కిరి. చెరకు తోటలలో పని. గడువు తీరినవారు అక్కడనే నిలువగోరినయెడల ఏటికి 3 పౌనుల పన్ను కట్టవలెనని 1895లో చట్టము చేసిరి. అట్టివారిలోని బాప్తిస్టు విశ్వాసులు తమకొక కాపరి కావలెనని స్వదేశమునకు మొరపెట్టుకొనిరి. తెలుగు బాప్తిస్టు సంఘములవారు తమ హోం మిషను ద్వారా 1903లో రంగయ్యగారిని పంపిరి. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలయొద్ద మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. 1915లో ఆయన నాటాలులోనే ప్రభువునందు నిద్రించెను.

పంపినవారు ధనవంతులా? 1876–78 నాటి ధాత కరువులో గంజికి నిలిచిన తరమువారును వారి బిడ్డలును. 1878లో ఒంగోలు ప్రాంతమున వేలకొలది జనులు బాప్తిస్మము పొందిరి. ఇరువదియైదేండ్లు తిరుగునప్పటికి వారే సముద్రము దాటించి ఒక కాపరిని పోషింప బూనుకొనిరి. అదే 1903లో తిరునల్వేలి తమిళ విశ్వాసులు తమ స్వంత మిషనరీ సమాజమును స్థాపించి, డోర్నకల్లు ప్రాంతపు తెలుగువారియొద్దకు పనివారిని పంపిరి. కావున మనము పుచ్చుకొన్నవారమును, ఇచ్చినవారమును.

అంతియొకయ సంఘము బర్నబాను సౌలును పంపినప్పుడు వారు క్రొత్తవారు కారు. ఆ సంఘములోనే బోధించుచుండినవారు. సంఘము ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపెను. స్వంత ఊరిలో సండేస్కూలు పిల్లలను కూర్చోబెట్టనివాడు విమానమెక్కినంత మాత్రమున సువార్తికుడగునా? పట్టా మంచిదే గాని అది చేతులుంచుట కాదు.

మరియొక సంగతి. కువైటులో మహమ్మదీయులకు మన మతము బోధించుటను ప్రభుత్వము ఒప్పుకొనదు. క్రైస్తవులు తమ ప్రార్థనాస్థలములలో ఆరాధించుకొందురు. కాబట్టి డేరాలు కుట్టిన పౌలువలె చేతిలో ఒక పని యుండవలెను. ఏజెంటుకు వడ్డీ డబ్బు తెచ్చి పోసినవాడు ఆ అప్పునకే దాసుడై, శుక్రవారపు ఆరాధనకైనను పోలేకపోవును.

అబ్బాయి తల్లితో చెప్పెను. ఆమె మూడు దినములు సరిగా అన్నము ముట్టలేదు. వేరుసెనగ పంటకు తెచ్చిన అప్పు తీరలేదు, చిన్నకూతురి పెండ్లి యున్నది. ఆమెను అవిశ్వాసురాలనకుడి. ఎలీషా తల్లి ఆ దినమున ఏమనెనో లేఖనము చెప్పలేదు. చెప్పియుండిన నావంటి కాపరికి మేలుగా నుండెడిది.

వచ్చు బుధవారము ప్రార్థన కూటము వారి యింటనే పెట్టితిమి. అప్పు ఎంతో, నెలకు ఎంత తీర్చవలెనో కాగితముమీద వ్రాసి తెమ్మని అబ్బాయికి చెప్పితిని.