ఒక రేడియో గొంతును మరొక రేడియో కప్పివేసినపుడు

తిరునాళ్ళలో రెండు పందిళ్ళు ప్రక్కప్రక్కనే వేసి, ఒకదానియందు హరికథయు, రెండవదానియందు బుర్రకథయు చెప్పించిరనుకొనుడు. ఒక పందిరివారు మైకు శబ్దమును పెంచినచో రెండవ పందిరివారికి కథ వినబడదు. ఎఫ్.ఎం. రేడియో కేంద్రముల నడుమను ఇట్టి తగవులే వచ్చుచుండును. వానిని తీర్చుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములందు ఏర్పరచిన పద్ధతి మనము తెలిసికొనదగినది.

ట్రాన్స్‌లేటరు అననేమి?

ఎఫ్.ఎం. ప్రసారములు 88 మొదలు 108 మెగాహెర్ట్‌జ్‌ల వరకుగల పౌనఃపున్యములపై సాగును. ఈ తరంగములు ఇంచుమించు చూపు సాగినంత మేరకే పోవును. కొండ అడ్డము వచ్చినచో దాని వెనుకనున్న పల్లెకు సరిగా అందవు. అందుచే ఎత్తైన చోట ఒక చిన్న యంత్రమును నెలకొల్పుదురు. అది మాతృకేంద్రపు ప్రసారమును అందుకొని, వేరొక పౌనఃపున్యముపై మరల ప్రసారము చేయును. దీనినే ట్రాన్స్‌లేటరు అందురు. ఇది మార్చునది భాషను గాదు, పౌనఃపున్యమును. మార్చకున్నచో దాని గొంతు దాని చెవికే అడ్డు తగులును.

అమెరికాలో ఇట్టి యంత్రములకు 1970లో అనుమతి లభించెను. వీని ప్రసారశక్తి 250 వాట్లకు మించరాదు. 2009 నుండి మీడియం వేవ్ కేంద్రములు కూడ తమ కార్యక్రమములను వీనిద్వారా ఎఫ్.ఎం.పై వినిపించుటకు వీలు కలిగెను. వీని సంఖ్య పెరిగినకొలది ఒరిపిడియు పెరిగెను.

శక్తిని పెంచిన నేమగును?

10 వాట్ల కేంద్రమును 250 వాట్లకు పెంచినచో శక్తి 25 రెట్లగును. కాని ఒకానొక చోట అందు తరంగబలము 5 రెట్లే పెరుగును. ఏలయన బలము శక్తియొక్క వర్గమూలమును బట్టి యుండును. పొరుగు కేంద్రమునకు హాని కలుగుటకు ఇదియే చాలును. ఒకే పౌనఃపున్యముపై రెండు ప్రసారములు వచ్చినపుడు, ఎఫ్.ఎం. రేడియో బలమైనదానిని పట్టుకొని బలహీనమైనదానిని అణచివేయును. నిన్నటివరకు విన్న దూరపు కేంద్రము నేడు లేనట్లే శ్రోతకు తోచును.

శ్రోత మాటకు విలువ

అక్కడి నియమములందు ట్రాన్స్‌లేటరుది ద్వితీయస్థానము. అది పూర్తిస్థాయి కేంద్రమునకు అంతరాయము కలిగింపరాదు. తనకు కలిగిన అంతరాయమును సహింపవలెను. కాని పూర్వము ఒక్క శ్రోత ఫిర్యాదుతోనే చిన్న కేంద్రము మూతపడు ప్రమాదముండెడిది. 2019లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ నియమములను సవరించెను. ఇప్పుడు పూర్తిస్థాయి కేంద్రము తరఫున కనీసము ఆరుగురు శ్రోతలు ఫిర్యాదు చేయవలెను. జనసంఖ్య హెచ్చినచో ఈ సంఖ్యయు హెచ్చును. ప్రతి శ్రోతయు తన పేరు, చిరునామా, అంతరాయము కలుగు చోటు తెలుపవలెను. ఆ కేంద్రమును నెలకు రెండుసార్లయినను వినుచున్నట్లును, దానితో ఉద్యోగ, ధన, బంధుత్వ సంబంధములు లేనట్లును చెప్పవలెను. తగవునకు కారణమైన ట్రాన్స్‌లేటరు ఖాళీగానున్న మరొక పౌనఃపున్యమునకు సులభముగా మారవచ్చును. ఇట్లు శ్రోతకు రక్షణయు, చిన్న కేంద్రమునకు మనుగడయు లభించుచున్నవి.

మనకు పాఠము

ఉమ్మడి మెదక్ జిల్లా మాచనూరులో 2008లో గ్రామీణ స్త్రీల సంఘం రేడియో ప్రారంభమయ్యెను. మన దేశమున ఇట్టి సామాజిక రేడియో కేంద్రములకు సాధారణముగా 100 వాట్ల ప్రసారశక్తియే అనుమతింతురు. అట్టి చిన్న గొంతునకు అడ్డు తగిలినచో మొదట తెలిసికొనువాడు శ్రోతయే.

కావున మీ రేడియోలో గరగర వినబడినచో ముందు మోటారును, ఎల్.ఇ.డి. దీపమును ఆపి చూడుడు. శబ్దము ఆగినచో తప్పు ఇంటిలోనిదే. మరొక కేంద్రపు మాటలే వినబడుచున్నచో తేదీ, వేళ, చోటు, పౌనఃపున్యము వ్రాసికొనుడు. ఏదో ఒక ఉదయమున దూరపు కేంద్రము వినబడి పిదప పోయినచో, అది గాలిపొరల మార్పువలన కలిగినది కావచ్చును; ఎవరి దోషమును గాదు. దినదినము అట్లే జరుగుచున్నచో మీరు వినగోరు కేంద్రమునకు జాబు వ్రాయుడు. ఇరుగుపొరుగువారి చేతను వ్రాయింపుడు. ఒక్కరి మాట కన్న ఆరుగురు వ్రాసి పంపిన వివరము బలమైన సాక్ష్యము.