నిజాయితీ బ్యాడ్జీ ఖరీదు పది రూపాయలు



మాది కంది. హైవేకి కొంచెం లోపల ఒక కాలనీలో కిరాయికి ఉంటున్నాం. మా ఆయన పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. షిఫ్టు డ్యూటీలు. బాబు దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతున్నాడు.

ఈ ఏడు వాళ్ల బడిలో మంచి గుణాలు నేర్పుతామని నెలకో గుణం పెట్టారు. ఒక నెల క్రమశిక్షణ, ఒక నెల దయ, పోయిన నెల నిజాయితీ. క్లాసులో గోడకి చార్టు, పేర్ల పక్కన స్టార్లు. దొరికిన వస్తువు తెచ్చి మేడంకి ఇస్తే ఒక స్టారు. ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్లకి ప్రేయర్‌లో అందరి ముందూ బ్యాడ్జీ. అది మావాడికే వచ్చింది. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే మా అత్తమ్మ ఊళ్లో చూపించని మనిషి లేదు.

తర్వాత అసలు సంగతి తెలిసింది. గ్రౌండ్‌లో దొరికాయని వాడు మేడంకి ఇచ్చిన పది రూపాయల నోట్లు మా పోపుల డబ్బాలోవి. నిలదీస్తే ఏడుస్తూ, “నేను దొంగతనం చెయ్యలే. ఆ పైసలతో ఏమన్న కొనుక్కున్ననా? మేడంకే ఇచ్చిన గద!” అన్నాడు. మా ఆయన రెండు దెబ్బలు వేశారు. వాడు ఊరుకోకుండా, “ఫైనాన్స్ అంకుల్ వస్తే డాడీ ఇంట్ల లేడని నాతోని చెప్పిపిస్తరు, అది మంచిదా?” అన్నాడు. ఆయన ఇంకోటి వేశారు. అప్పులవాళ్ల ముందు పరువు కోసం ఒక మాట అనడం వేరు, డబ్బు తీయడం వేరు. ఎనిమిదేళ్లొచ్చాక ఆ మాత్రం తెలియదా?

బడిలో చెబితే పిల్లవాడి పరువుతోపాటు మా పరువూ పోతుందని మా ఆయన అంటారు. చెప్పకుంటే ఆ బ్యాడ్జీ చూసినప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. పక్కింటావిడ హాస్టల్లో వేయమంటోంది, భయం ఉంటేనే బుద్ధి వస్తుందట. నన్నేం చేయమంటారు?

— ఒక తల్లి, కంది

అమ్మా,

ముందుగా హాస్టల్ మాట మరిచిపోండి. మీవాడు దొంగ కాడు. గోడమీద రాసిన ధర చదివాడు, చెల్లించాడు, సరుకు తెచ్చుకున్నాడు. పిల్లల తెలివి చూసి నాకు నవ్వొచ్చింది, ఆ బడి తెలివి చూసి రాలేదు. దారిలో డబ్బు దొరకడం రోజూ జరిగే పని కాదు. స్టార్లు మాత్రం నెలాఖరులోగా కావాలి. మరి పిల్లలు ఏం చేస్తారు?

ఇలాంటిదే ఒక ప్రయోగం 1973లో అమెరికాలో ప్రచురించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శిశు పాఠశాలలో రంగు పెన్నులతో బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, బొమ్మలు గీస్తే బంగారు నక్షత్రమూ రిబ్బనూ ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత, ఇష్టమైతేనే గీయండని పెన్నులు ముందుంచితే, నక్షత్రం ఆశతో గీసినవారు మిగతా పిల్లలు గీసినదాంట్లో సగం సేపే వాటిని ముట్టారు. చెప్పకుండా పొందినవారికి ఏ నష్టమూ జరగలేదు. అంటే పిల్లలు మంచిపని చేశాక భుజం తట్టడంలో తప్పు లేదు. ముందే ధర ప్రకటించడంలోనే ఉంది చిక్కంతా. బొమ్మల విషయంలో పోయింది ఇష్టం. నిజాయితీ విషయంలో మీ పోపుల డబ్బా కూడా ఖాళీ అయింది.

ఇక వాడన్న మొదటి మాట. అది బుకాయింపు కాదని నా నమ్మకం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే పిల్లల నీతి తీర్పుల మీద 1932లో ఒక పుస్తకం రాశాడు. చూసుకోక పదిహేను కప్పులు పగలగొట్టిన పిల్లవాడు ఒకడు, దొంగచాటుగా జామ్ తీసుకోబోయి ఒక్క కప్పు పగలగొట్టినవాడు ఇంకొకడు, ఎవరిది పెద్ద తప్పు అని ఆయన అడిగేవాడు. చిన్నపిల్లలు పదిహేను కప్పులవాడినే తప్పుపట్టేవారు. ఉద్దేశం చూడడం కాస్త పెద్దయ్యాక వస్తుంది. మీవాడు ఇప్పుడు ఆ రెండు దశల నడుమ ఉన్నాడు. డబ్బు తన జేబులో మిగల్లేదు కాబట్టి దొంగతనం కాదని వాడి లెక్క. “ఆ నోటు ఎవరిది? అమ్మ దాన్ని దేనికోసం దాచుకుంది? మేడంకి ఇచ్చేటప్పుడు ఏమని చెప్పావు?” అని ఒక్కొక్కటీ అడగండి. జవాబులు వాడినే చెప్పనివ్వండి. మూడో ప్రశ్న దగ్గర వాడికే అర్థమవుతుంది, తీయడం ఒకటి, దొరికిందని చెప్పడం ఇంకొకటి అని.

కొడితే మాత్రం ఇది జరగదు. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడుల పిల్లల్ని పోల్చిన అధ్యయనం 2011లో వచ్చింది. ఒక బడిలో దెబ్బలు మామూలు, రెండోదాంట్లో మందలింపే. దెబ్బల బడి పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, పైగా దొరక్కుండా ఆడారు. హాస్టల్ భయం నేర్పేది కూడా అదే.

మన ఇళ్లలో అబద్ధం మాన్పించాలంటే ‘నాన్నా పులి’ కథ చెబుతాం. అబద్ధాలాడిన పిల్లవాడిని చివరికి పులి తినేస్తుంది. ఆ కథ తోడేలు రూపంలో పాశ్చాత్య దేశాల్లోనూ ఉంది. ఇలాంటి కథలు నిజంగా పనిచేస్తాయా అని పరిశోధకులు మూడు నుంచి ఏడేళ్ల పిల్లలతో పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. తోడేలు కథ విన్న పిల్లలు కుందేలు–తాబేలు కథ విన్నవారికన్నా ఎక్కువ నిజం చెప్పలేదు. చెర్రీ చెట్టు నరికి తండ్రి ముందు ఒప్పుకుని మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ మాత్రం పనిచేసింది. అదే కథలో మెప్పు తీసేసి శిక్షతో ముగిస్తే ఆ ప్రభావం పోయింది. (ఆ చెర్రీ చెట్టు కథను జీవితచరిత్ర రాసిన వీమ్స్ అనే పాస్టర్ కల్పించాడంటారు. నిజాయితీ నేర్పడానికి కట్టుకథ!) నిజం చెప్పినవాడికి చివర ఏం దక్కుతుందో పిల్లలు గమనిస్తారు. మీ ఇంట్లో మీవాడు ఫైనాన్స్ అంకుల్ సంగతి చెబితే దక్కింది మూడో దెబ్బ.

మీ ఆయనకు నచ్చకపోయినా ఆ సంగతీ మాట్లాడుకోవాలి. అప్పు ఉండటం తప్పు కాదు. ఓవర్‌టైం ఉంటే ఇల్లు గడిచి, లేకపోతే చేబదులు చేసే ఇళ్లు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎన్ని లేవు! కానీ ఆ భారం మూడో తరగతి పిల్లవాడి నోట్లో పెట్టకండి. ఈసారి తలుపు మీరే తీసి, “ఇప్పుడు లేవు, జీతం పడ్డాక ఇస్తాం” అనండి. అతను నాలుగు మాటలంటే అంటాడు. ఆ నాలుగు మాటలు పడటానికి అమ్మానాన్న సిద్ధపడ్డారని పిల్లవాడు చూస్తే, బడిలో ఏ పాఠమూ దానికి సాటి రాదు.

మీ ఆయన చేతిలో ఇంకో మంచి పాఠం ఉంది, ఆయనకే తోచి ఉండదు. మందుల కంపెనీలో బ్యాచ్ రికార్డు రాసేటప్పుడు అంకె తప్పు పడితే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. తప్పు జరగదని ఎవరూ అనుకోరు. తప్పు దాస్తేనే మందు తినేవాడికి ప్రమాదం. వీక్లీ ఆఫ్ రోజు ఆయన్ని కోపం పక్కనపెట్టి కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకోమనండి. ఈ పద్ధతి ఎందుకు పెట్టారో, తాను ఎప్పుడైనా అలా గీత కొట్టాల్సి వస్తే ఎలా అనిపించిందో చెప్పమనండి. నాన్న కంపెనీలో ఏం చేస్తాడో మీవాడికి తెలిసే అవకాశం కూడా అదే. ఆ మీదట డబ్బాలోంచి తీసిన నోట్ల లెక్క ఒక కాగితం మీద వాడి చేతే రాయించి, వాడి చేతే తేదీ వేయించండి. చిన్న చిన్న పనులు చేసి తీరుస్తాడు. కిరాణా కొట్టుకు పంపడం మాత్రం ఆపకండి. చిల్లర లెక్క చెప్పించుకోండి. నమ్మకం పోయిందని వాడికి అనిపిస్తే నిలబెట్టుకోవాలన్న పట్టుదలా పోతుంది.

బడికి వెళ్లండి. వాడిని వెంట తీసుకుని, క్లాసు లేని సమయంలో, మేడం ఒక్కరితోనే మాట్లాడండి. వాడు తన నోటితో చెప్పి బ్యాడ్జీ ఇచ్చేయాలి. అందరి ముందూ నిలబెట్టొద్దని మాత్రం గట్టిగా అడగండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బల్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది.

స్టార్ల సంగతీ అక్కడే కదపండి. వాళ్ల ప్రేయర్‌లో రోజూ చెప్పించే ప్రతిజ్ఞ ఎవరు రాశారో మేడంని అడగండి. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా రాశారు. దేశమంతా పిల్లలు దాన్ని చదువుతున్నా, పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చాలాకాలం అచ్చు కాలేదు. రాసినవారి పేరైనా లేకుండా నడిచిన ఆ ప్రతిజ్ఞ చెప్పించే ప్రేయర్‌లోనే నిజాయితీకి బ్యాడ్జీ ఎందుకమ్మా? దాని బదులు మొక్కలకు నీళ్లు పోయడం, కొత్తగా చేరిన వలస కుటుంబాల ఒడియా, బిహారీ పిల్లలకు తోడుండటం లాంటి పనులు వంతులవారీగా, స్టార్లు లేకుండా ఇవ్వమని తల్లులు నలుగురు కలిసి అడగండి. ఒక్కరు అడిగితే మీవాడి గొడవగా కనబడుతుంది, నలుగురు అడిగితే బడి వింటుంది.