నెట్ న్యూట్రాలిటీ: పరీక్షలో బిట్లు వచ్చే చోట్లు
నిర్వచనం: ఇంటర్నెట్ సేవ అందించే సంస్థ ఏ సైట్‌ డేటానైనా ఒకేలా చూడాలి. ఆపకూడదు, వేగం తగ్గించకూడదు, డబ్బు తీసుకుని ముందుకు పంపకూడదు. ఈ పదం అమెరికా న్యాయ ఆచార్యుడు టిమ్ వూది, 2003.

మన దగ్గర: 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో ఫేస్‌బుక్ 'ఇంటర్నెట్.ఆర్గ్' మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. తర్వాతి పేరు ఫ్రీ బేసిక్స్ (బిట్ ఖాయం). విశాఖ ద్వారకా నగర్‌లో కోచింగ్‌కొచ్చిన కుర్రాడికి రిలయన్స్ సిమ్‌లో ఎంపిక చేసిన సైట్లు ఉచితంగా వచ్చేవి. జాబితాలో లేని పాత ప్రశ్నపత్రాల సైట్‌కు డేటా ప్యాక్ వేయించాల్సి వచ్చేది. గొడవంతా ఇక్కడే. ఏది చూడాలో కంపెనీ తేల్చడం అన్యాయం.

2016 ఫిబ్రవరి 8: ఇలాంటి వివక్షాపూరిత డేటా టారిఫ్‌లపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిషేధం. ఆధారం ట్రాయ్ చట్టం 1997, సెక్షన్ 36. జరిమానా రోజుకు రూ.50 వేలు, గరిష్ఠం రూ.50 లక్షలు. అత్యవసర సేవలకు టారిఫ్ తగ్గిస్తే మినహాయింపు. ఆ తగ్గింపును 7 పనిదినాల్లో ట్రాయ్‌కి తెలపాలి.

2017 నవంబర్ 28: నెట్ న్యూట్రాలిటీపై ట్రాయ్ సిఫార్సులు. 2018 జులై 11: వాటికి టెలికాం కమిషన్ ఆమోదం.

తికమక పెట్టేది: అనురాధా భసిన్ తీర్పు (2020 జనవరి 10), అధికరణలు 19(1)(ఎ), 19(1)(జి). అది ఇంటర్నెట్ నిలిపివేత కేసు, న్యూట్రాలిటీది కాదు.

అమెరికా: అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024 నెట్ న్యూట్రాలిటీ నిబంధనలను ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 జనవరి 2న కొట్టేసింది.