కైరోలో పాత పేట, కొత్త తోట

నగరంలో ఒక పేట శిథిలమైనదనగానే అధికారులకు మొదట తోచేది కూల్చివేత. ఈజిప్టు రాజధాని కైరోలో దర్బ్ అల్ అహ్మర్ అనే పాత పేట ఈ ముప్పును తప్పించుకొన్న తీరు పరిశీలింపదగినది.

పేటకు తూర్పున శతాబ్దాలుగా పోగుపడిన చెత్త, కొండవలె నిలిచి ఉండేది. కైరో నగరానికి ఒక ఉద్యానవనాన్ని కానుకగా ఇవ్వాలని ఆగా ఖాన్ 1984లో సంకల్పించారు. అందుకు ఎన్నుకొన్నది ఈ దిబ్బనే! దాదాపు 30 హెక్టార్ల స్థలం; నేల ఉప్పునేల. మంచి మట్టి పరచి మొక్కలు పెంచవలసి వచ్చింది. పడమటి అంచును త్రవ్వగా సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో, 12వ శతాబ్దంలో, ఆరంభమైన కోటగోడ బయల్పడింది. 2005లో అల్ అజ్హర్ ఉద్యానం ప్రారంభమైనది.

అసలు చిక్కు తోటతోనే వచ్చింది. తోట వెలిస్తే నేల ధర పెరుగుతుంది. ధర పెరిగితే పేదవాడు తరలిపోవలసి వస్తుంది. గోడనానుకొని ఉన్న ఇండ్లను తొలగించాలనే ప్రతిపాదన అంతకు ముందే ఉన్నది. పైగా అప్పట్లో చట్టరీత్యా అద్దెలు నామమాత్రంగా ఉండేవి గనుక యజమాని మరమ్మతు చేయించేవాడు కాదు, కిరాయిదారుకు ఆ స్తోమత ఉండేది కాదు. ఇందులో ఎవరిని తప్పుపట్టగలం?

కనుక ఇండ్లను ఒక్కొక్కటిగా బాగుచేసి, ఆ కుటుంబాలనే అక్కడ నిలిపారు. ఖర్చులో కొంత నివాసులే చిన్న చిన్న అప్పులతో భరించారు. పేటలోని వడ్రంగులకు, రాతిపనివారికి పని దొరికింది. పాతబడిన బడి కట్టడమొకటి పేటవారి కూడలి భవనమైనది.

బాగుపడినవి నూరుకు పైబడిన ఇండ్లు. వేల కుటుంబాల పేటకు ఇది స్వల్పమే. అయినా బాగుపడిన ఆ ఇండ్లలో దీపం పెట్టినది వెనుకటివారే.