ఫోటో కింద పేరు

అది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తల్లి కూలి పనికి పోతుంది. రాత్రి బడిలో ఈమధ్యనే చదువు నేర్చుకుంది. కూతురు హైదరాబాదులో ఫోటోగ్రఫీ చదువుతోంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చింది.

"ఫోటో తియ్యడానికి చదువెందుకే? మీట నొక్కితే పడదా?" అంది తల్లి.

"వెలుగును చూడటం నేర్చుకోవాలమ్మా. ఎండ నడినెత్తిన ఉంటే కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. పొద్దున్నే అయితే వెలుతురు మెత్తగా ఉంటుంది. మొహం బాగా కనబడుతుంది" అని చెప్పింది కూతురు.

మర్నాడు పొద్దున్నే కెమెరా తీసుకుని మిరపచేలోకి వెళ్లింది. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చినవాళ్లు అక్కడ పని చేస్తున్నారు. వేపచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి ఉంది. అందులో బిడ్డ ఏడ్చింది. ఒకామె పరుగున వచ్చింది. చేతులకున్న మిరప మంట బిడ్డకు తగలకూడదు. అందుకని మోచేతులతోనే బిడ్డను ఎత్తుకుంది. కూతురు గబుక్కున ఫోటో తీసింది.

ఇంటికి వచ్చి తల్లికి చూపించింది. "దీన్ని పత్రికకు పంపుతానమ్మా" అంది. ఫోటో కింద ఏం వెయ్యాలో కాగితం మీద రాసింది.

తల్లి కూడబలుక్కుంటూ చదివింది. "కూ-లి త-ల్లి." తర్వాత అడిగింది, "ఆమె పేరేమిటే?"

"అడగలేదమ్మా."

"ఫోటో తీస్తానని చెప్పావా?"

కూతురు మాట్లాడలేదు.

"నేను వేలిముద్ర వేసే రోజుల్లో నన్నూ ఎవరూ పేరు అడగలేదు. ఆ కూలామె అనేవాళ్లు, అంతే" అంది తల్లి.

కూతురికి క్లాసులో చూసిన ఒక ఫోటో గుర్తుకొచ్చింది. తల్లికి దాని కథ చెప్పింది.

అది 1936లో అమెరికాలో తీసిన ఫోటో. తీసింది డొరోతియా లాంజ్ అనే ఆమె. కాలిఫోర్నియాలో బఠానీ కోతలకు చాలామంది కూలీలు వచ్చారు. చలికి పంట పాడైపోయింది. కూలి లేదు, తిండి లేదు. గుడారంలో 32 ఏళ్ల తల్లి పిల్లలతో దిగాలుగా కూర్చుని ఉంది. లాంజ్ ఆమెను ఫోటో తీసింది. పేరు మాత్రం అడగలేదు.

ఆ ఫోటోలు పత్రికలో వచ్చాయి. ప్రభుత్వం కదిలింది. ఆ కూలీలకు సుమారు 9,000 కిలోల తిండి సామాన్లు పంపింది. కానీ అప్పటికే ఆ తల్లి పిల్లలతో వేరే చోటికి వెళ్లిపోయింది. ఫోటో లోకమంతా తిరిగింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గానీ లోకానికి తెలియలేదు. ఆ ఫోటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడింది.

"చూశావా! ఫోటో మేలు చేసింది. ఫోటోలో ఉన్న మనిషికి మాత్రం ఆ మేలు అందలేదు" అంది తల్లి.

సాయంత్రం ఇద్దరూ కూలీల గుడిసెల దగ్గరికి వెళ్లారు. కూతురు ఫోటో చూపించింది. "అక్కా, చెప్పకుండా తీశాను. నీకిష్టమైతేనే పత్రికకు పంపుతా" అంది.

ఆమె ఫోటోను చాలాసేపు చూసింది. బిడ్డను చూసి నవ్వింది. "పంపమ్మా. నా పేరు రాయి. మాకు ఇచ్చే కూలి ఎంతో, అది కూడా రాయి" అంది.

"పేరు నేను రాస్తా" అని తల్లి కలం తీసుకుంది. ఒక్కో అక్షరం పలుకుతూ నిదానంగా రాసింది. ఆ అక్షరాల మీద ఆమె వేలు పెట్టి తడిమి చూసుకుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. చెప్పకుండా ఫోటో తీస్తే మీకెలా ఉంటుంది? ఎందుకు?
2. ఫోటో కింద కూలి ఎంతో రాయమని ఆమె ఎందుకు అడిగింది?

చేయండి:
మీ ఇంట్లో ఉన్న పాత ఫోటోలు తియ్యండి. అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు, సంవత్సరం ఫోటో వెనక రాయండి.