ఖాళీ ట్యాంకు

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క కొడుకు పట్నంలో కార్ల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. పండక్కి ఇంటికొచ్చి తల్లితో ఇలా అన్నాడట.

"అమ్మా, పెట్రోలు ట్యాంకుకి చిల్లి పడితే మేమే వెల్డింగు పెట్టేస్తాం."

"పెట్రోలు అంటుకోదురా?"

"ముందే ఖాళీ చేస్తాం కదా! ఖాళీ ట్యాంకుకి భయమేముంది?"

మర్నాడు రాత్రి ఆ అక్క పుస్తకం మూసి నన్ను అడిగింది. "టీచరమ్మా, వాడు చెప్పింది నిజమేనా?"

నేను పిల్లలకి పాఠాలు చెప్పే శిక్షణ తీసుకున్నాను. కార్ల పని నాకు తెలీదు. నాలుగు రోజులు గడువు అడిగాను. తెలిసినవాళ్లని అడిగి, పుస్తకాలు చూసి ఈ పాఠం రాశాను. జవాబు ముందే చెప్పేస్తాను. ఖాళీ ట్యాంకుతోనే ఎక్కువ ప్రమాదం.

ఎందుకని? మండేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. కిరోసిను మామూలు చలువలో అంతగా ఆవిరి కాదు. పెట్రోలు అలా కాదు. గడ్డకట్టే చలిలో కూడా దాని ఆవిరి లేస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి మండాలంటే గాలి కలవాలి. ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. ఖాళీ చేస్తే పెట్రోలు పోతుంది, ఆవిరి మిగులుతుంది, గాలి లోపలికి వస్తుంది. నూరు పాళ్లలో ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ల దాకా ఆవిరి ఉంటే చాలు, ఒక్క రవ్వకి ట్యాంకు బాంబులా పేలుతుంది.

"మరి కడిగితే పోదా?" అని అక్క అడిగింది. మంచి ప్రశ్నే. నూనె డబ్బాని ఎంత తోమినా మర్నాటికి వాసన వస్తుంది కదా! ట్యాంకు అతుకుల్లో, తుప్పు పొరల కింద పెట్రోలు దాక్కుంటుంది. వెల్డింగు వేడి తగలగానే మళ్లీ ఆవిరై బయటికొస్తుంది. అందుకే చిల్లి పడిన ట్యాంకుని తీసేసి కొత్తది పెట్టడమే మేలు.

మార్చడం ఎలాగో ఒక కారు మీద చూద్దాం. దాని పేరు ఎంజిబి. ఇద్దరు కూర్చునే పొట్టి స్పోర్ట్స్ కారు. ఇంగ్లాండులో ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 వరకు తయారు చేశారు. 5 లక్షలకు పైగా కార్లు చేశారు. ఇప్పటికీ అక్కడ చాలామంది వీటిని ఇంటి దగ్గరే బాగు చేసుకుంటారు. అందుకే ఈ పని గురించి వివరంగా తెలుసుకోవడానికి వీలైంది.

ఈ కారు ట్యాంకు డిక్కీ కింద ఉంటుంది. ట్రంకు పెట్టెకి తుప్పు ఎక్కడ పడుతుంది? అడుగున. ఈ ట్యాంకుకి మాత్రం పైభాగాన పడుతుంది! డిక్కీ అడుగుకీ ట్యాంకుకీ మధ్య సన్నని సందు ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురద ఆ సందులో చేరి తడిగా ఉండిపోతుంది. పైగా అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మనం ఉప్పుని ఇనప డబ్బాలో పోస్తామా? జాడీలో పోస్తాం. అదే సంగతి.

పైన చిల్లి పడితే త్వరగా తెలీదు. ట్యాంకు నింపినప్పుడే కారుతుంది. సగం ఉంటే కారదు.

ఇక పని. మొదట బ్యాటరీ తీగ విప్పాలి. ఈ కారులో బ్యాటరీ సీట్ల వెనక అడుగున ఉంటుంది. కారుని ఆరుబయట పెట్టాలి. షెడ్డులో గుంత ఉంటుంది కదా, దాని మీద మాత్రం ఈ పని చేయకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నీళ్లు పల్లానికి పోయినట్టు అది గుంతలోకి దిగి నిలుస్తుంది. ఇంట్లో సీసాలో పెట్రోలు పెట్టుకుంటే మూత సందులోంచి వచ్చే ఆవిరి కూడా అంతే. నేల మీదుగా పాకి పొయ్యి దాకా పోతుంది. దగ్గర్లో పొయ్యి, బీడీ, వైరు బల్బు ఏదీ ఉండకూడదు. ఇసుక బకెట్టు మాత్రం ఉండాలి. నీళ్లు పనికిరావు. పెట్రోలు నీళ్ల మీద తేలి మంటని ఇంకా పరుస్తుంది.

తర్వాత పెట్రోలుని ఇనప క్యానుల్లోకి తీయాలి. ఒక లెక్క చేద్దాం. 1965 తర్వాతి ఎంజిబి ట్యాంకులో 12 గాలన్ల వరకు పడుతుంది. ఒక ఇంగ్లాండు గాలను అంటే సుమారు నాలుగున్నర లీటర్లు. మొత్తం 54 లీటర్లు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అంటే 40 కిలోలు! అంత బరువుని పడుకుని చేతుల మీద దించగలమా?

కారు వెనక భాగం జాకీతో లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకూడదు. పెట్రోలు గొట్టాలు, కొలత చూపే ముల్లు తీగ విప్పాలి. ట్యాంకు కింద చెక్క, చెక్క కింద జాకీ పెట్టి బోల్టులు విప్పి మెల్లగా దించాలి. తుప్పుపట్టిన బోల్టులు పానాకి లొంగవు. షెడ్డుల్లో అలాంటప్పుడు మంట చూపించి విప్పుతారు. ఇక్కడ ఆ పని చేస్తే ఇంకేముంది! ముందు రోజు రాత్రే నూనె వేసి నానబెట్టాలి.

కొత్త ట్యాంకు బిగించే ముందే దాని పైభాగానికి రెండు మూడు పూతలు రంగు వేసి ఆరనివ్వాలి. బిగించాక చెయ్యి పట్టదు. నన్నడిగితే ఈ పని మొత్తంలో తొందరపడకూడనిది ఇదే. రబ్బరు గొట్టాలు కూడా కొత్తవే వేయాలి. ఇంగ్లాండులో 2021 నుంచి మామూలు పెట్రోలులో నూటికి 10 పాళ్ల వరకు ఇథనాల్ అనే సారా కలుపుతున్నారు. పాత కాలపు రబ్బరు దానికి ఆగదు, మెత్తబడి పగులుతుంది.

తీసేసిన పాత ట్యాంకుని కోయకూడదు, కొట్టకూడదు, ఎండలో పడేయకూడదు.

కొత్త ట్యాంకులో ముందు నాలుగైదు లీటర్లే పోయాలి. ప్రతి అతుకునీ కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడాలి. ఆ తర్వాతే బ్యాటరీ తీగ కలపాలి. తాళం తిప్పగానే పెట్రోలు పంపు టిక్ టిక్ మంటుంది. కాసేపటికి నెమ్మదిస్తే గొట్టాలు నిండినట్టు. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా గాలి పీలుస్తోంది. వెంటనే తాళం ఆపి వెతకాలి.

షెడ్డులో ఇలాంటి పనులు తరచు పని నేర్చుకునే కుర్రాడి మీదే పడతాయి. ఆ మాట అంటే అక్క ఏమీ మాట్లాడలేదు. పాఠంలో ఖాళీ ట్యాంకు గురించి ఉన్న పేరా తన చేత్తో కాగితం మీద రాసుకుంది. రెండు ఒత్తులు తప్పుపోతే దిద్దుకుంది. ఆదివారం కొడుకు వస్తాడట. ఆ కాగితం వాడి చేత చదివించకుండా తనే చదివి వినిపిస్తుందట.