75 సెంట్ల తేడా

1986లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలయందు కంప్యూటరు వాడుక లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చెను. అంత స్వల్పమునకు శ్రమయేల యని ఊరకుండక, క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు కారణమును వెదకెను. అపరిచితుడొకడు రహస్యముగా కంప్యూటరులో ప్రవేశించుచున్నట్లు తేలెను. స్టోల్ అతనిని వెంటనే వెడలగొట్టలేదు. అతని ఆజ్ఞలన్నియు ప్రింటర్లపై అచ్చగునట్లు చేసి, నెలల తరబడి కనిపెట్టియుండెను.

ఆ దొంగ అచ్చటినుండి సైనిక కంప్యూటర్లలో చొరబడ జూచుచుండెను. కొన్నింట తయారుచేసినవారు పెట్టిన పాస్‌వర్డులే మార్పులేక యుండుటచే అది సులభమయ్యెను. తుదకు 1987లో స్టోల్ కల్పిత పత్రములను ఎరగా నుంచెను. వానిని చదువుచు నతడు చాలసేపు నిలువగా, జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమునకు చేరెను. అతడు సోవియట్ గూఢచారులకు సమాచారము నమ్ముచుండెను.

తాళము వేసి చెవిని గుమ్మముననే విడుచుట భద్రత కాదు. పాస్‌వర్డును మార్చుకొనుటయు, చిన్న తేడానైనను విచారించుటయు కంప్యూటరునకు కావలి.